‘అరెకరం’ ఎకరమైతే?
ఫోనులో మాటను కంప్యూటరులో పట్టడం అనుకున్నంత తేలిక కాదు

శ్రీసిటీ: ‘అరెకరం’ అన్న మాటలో మొదటి రెండు ధ్వనులు ఫోను మింగేస్తే మిగిలేది ‘ఎకరం’. ‘అరవై’ అన్నా ‘ఇరవై’ అన్నా మొదలు తెగితే చెవిన పడేది ‘రవై’ ఒక్కటే. ఎదురుగా కూర్చుని మాట్లాడేటప్పుడు ఇటువంటి పొరపాటు రాదు. ముఖం చూస్తాం, చెయ్యి చూస్తాం, అనుమానం వస్తే మళ్ళీ అడుగుతాం. ఫోనులో ఆ వీలు తక్కువ. ఆ మాటను కంప్యూటరులో రికార్డు చేసి, ఎక్కడో కూర్చున్న మరొకరు నెల తర్వాత విని కాగితం మీద పెట్టేటప్పుడు ఆ వీలు బొత్తిగా ఉండదు. అప్పుడు రైతు చెప్పింది అరెకరం, రాతలో నిలిచేది ఎకరం.

ఇది ఎవరో నగరవాసుల తలనొప్పి అని గ్రామస్థులు ఊరుకోవడానికి లేదు. పంట ఎంత, అప్పు ఎంత, బిడ్డల చదువు ఎంతవరకు, ఇంట్లో ఎవరికి పని ఉంది అనే ప్రశ్నలు ఇప్పుడు ఫోనులోనే వస్తున్నాయి. ఫిర్యాదు చెప్పుకోవడమూ ఫోనులోనే. పొరుగు రాష్ట్రంలోనో, గల్ఫులోనో ఉన్న కొడుకుతో తల్లి మాట్లాడేదీ ఫోనులోనే. అందుచేత ఆ మాట ఎలా నిలుస్తుంది, ఎక్కడ చెడుతుంది, ఎవరి అనుమతితో రికార్డవుతుంది అన్నది ప్రతి ఇంటికీ తెలియవలసిన సంగతి.

ఫ్యాక్టరీల నడుమ పరిశోధన

పదిహేడేళ్ళకు పైగా శ్రీసిటీ అనగానే అందరికీ గుర్తుకు వచ్చేవి ఫ్యాక్టరీలు. 2008లో ప్రారంభమైన ఈ పారిశ్రామిక నగరం సత్యవేడు, వరదయ్యపాలెం మండలాల్లో విస్తరించింది. చెన్నైకి ఉత్తరాన సుమారు 55 కిలోమీటర్ల దూరంలో, 16వ నంబరు జాతీయ రహదారి పక్కన తడకు చేరువలో ఉంది. ఒకప్పుడు చిత్తూరు జిల్లాలో ఉన్న ఈ ప్రాంతం 2022 ఏప్రిల్ 4 నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చింది. కార్లు, చాక్లెట్లు, రైలు పెట్టెలు, ఎయిర్ కండిషనర్లు తయారయ్యే ఈ చోటే చదువుల కేంద్రం కూడా అయింది. 2013లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. 2018లో క్రియా విశ్వవిద్యాలయం ఏర్పడింది.

క్రియాకు మూలం 1970లో చెన్నైలో నెలకొన్న ఐఎఫ్ఎంఆర్ అనే సంస్థ. పేదల జీవనోపాధి, మహిళల చిన్న వ్యాపారాలు, పొదుపులు, అప్పులు వంటి విషయాలపై పరిశోధన చేసే ‘లీడ్’ అనే కేంద్రం ఇప్పుడు క్రియాకు అనుబంధంగా ఉంది. 2019లో నోబెల్ బహుమతి పొందిన అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డుఫ్లో స్థాపకులలో ఉన్న ‘జె-పాల్’ సంస్థకు దక్షిణాసియా విభాగం ఉన్నది కూడా ఐఎఫ్ఎంఆర్‌లోనే. ఇటువంటి సంస్థలకు ముడిసరుకు ఇనుమూ కాదు, ప్లాస్టిక్కూ కాదు. మనుషుల నోటి మాట.

ఆ మాటను సేకరించడానికి పూర్వం సర్వే చేసేవారు కాగితాల కట్ట చంకన పెట్టుకుని ఊరూరా తిరిగేవారు. 2020లో కరోనా వచ్చి తలుపులు మూతబడ్డాయి. ఊళ్ళోకి కొత్త మనిషి రావడానికి వీల్లేని పరిస్థితి. కేంద్ర ప్రభుత్వం జరిపే ఉపాధి సర్వేలో సైతం, ఒకసారి చూసి వచ్చిన ఇళ్ళను మళ్ళీ పలకరించే పని చాలావరకు ఫోనుకు మారింది. ఫోనులో సర్వే ఎలా చేయాలో జె-పాల్ ఆ ఏడాదే సలహాలు ప్రచురించింది. కరోనా తగ్గినా ఆ పద్ధతి పోలేదు. ప్రయాణం ఖర్చు లేదు. వందల మైళ్ళ దూరంలోని మనిషిని గంటలో పలకరించవచ్చు. వలస పోయినవారు సైతం దొరుకుతారు.

ఫోను కోసమే పుట్టిన రికార్డు

మాటను అయస్కాంతం మీద నిలపవచ్చునని లోకానికి చూపింది డెన్మార్కు దేశపు ఇంజనీరు వాల్డెమార్ పౌల్సెన్. 1898లో ఆయన ఉక్కు తీగ మీద ధ్వనిని పట్టే యంత్రం కనిపెట్టాడు. దానికి ‘టెలిగ్రాఫోను’ అని పేరు. ఆయన ఉద్దేశం పాటలు రికార్డు చేయడం కాదు. ఇంట్లో మనిషి లేనప్పుడు వచ్చిన ఫోను మాటను దాచిపెట్టడమే. అంటే తర్వాతి కాలంలో ఊళ్ళలో పాటలు మోగించిన టేపురికార్డరుకు తాత టెలిఫోను ఇంట్లోనే పుట్టాడన్న మాట.

ఫోనులో ప్రశ్నలడుగుతూ జవాబులను నేరుగా కంప్యూటరుకు ఎక్కించే పద్ధతి అమెరికాలో 1970 దశకం మొదట్లో వచ్చింది. ప్రశ్న తెర మీద కనబడుతుంది. అడిగే మనిషి చదువుతాడు. జవాబు నొక్కగానే తర్వాత ఏ ప్రశ్న అడగాలో కంప్యూటరే చూపుతుంది. ‘భూమి లేదు’ అని చెప్పిన వారిని ‘ఏ పంట వేశారు’ అని అడగదు.

ఇప్పటి సర్వేల్లో మరొక ఏర్పాటు ఉంది. సంభాషణలో కొన్ని భాగాలు రికార్డు అవుతాయి. వాటిని పై అధికారి విని, ప్రశ్నను ఉన్నది ఉన్నట్టు అడిగారా, జవాబును చెప్పింది చెప్పినట్టు నమోదు చేశారా అని సరిచూస్తాడు. అసలు ఫోనే చేయకుండా చెట్టు కింద కూర్చుని జవాబులు సొంతంగా రాసుకునే వారిని పట్టుకునేదీ ఈ రికార్డే. చెప్పిన మనిషి మాటకు అదే కాపలా. కాపలాదారుకే చెవుడు వస్తే పని చెడినట్టే.

తెలుగునాట అలవాటైన పనే

తెలుగువారికి ఇది బొత్తిగా కొత్త కాదు. రైతులు ఫోనులో సలహా అడిగే కిసాన్ కాల్ సెంటర్ 2004 జనవరి 21న ప్రారంభమైంది. 1800-180-1551 నంబరుకు ఫోను చేస్తే రైతు భాషలోనే జవాబు చెబుతారు. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అంబులెన్సు సేవ మొదలైంది. ప్రమాదంలో ఉన్న మనిషి ఒక్కసారి చెప్పిన ఊరి పేరు సరిగా వినబడకపోతే బండి మరో ఊరికి పోతుంది. అటువంటి కేంద్రాల్లో సంభాషణను రికార్డు చేసి ఉంచడం ఈ కారణం చేతనే.

తెలంగాణ సరిహద్దుకు అవతల ఛత్తీస్‌గఢ్ అడవి పల్లెల్లో 2010లో ‘సీజీనెట్ స్వర’ అనే ప్రయత్నం జరిగింది. శుభ్రాంశు చౌధురి అనే పత్రికా రచయిత దీనికి ఆద్యుడు. పత్రికలు చేరని చోట, అక్షరాలు రాని వారు మామూలు ఫోనుతో ఒక నంబరుకు ఫోను చేసి తమ ఊరి సంగతి చెబితే అవతల కంప్యూటరు దాన్ని రికార్డు చేసేది. కార్యకర్తలు దాన్ని విని, సరిచూసి, అందరూ వినేలా పెట్టేవారు. చేతిపంపు చెడిపోయిందని, కూలి డబ్బు అందలేదని, బడికి పంతులు రావడం లేదని చెప్పిన గొంతులు అలా అధికారుల చెవిన పడ్డాయి.

జహీరాబాదు దగ్గరి మాచనూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు నడిపిన సంగం రేడియో 2008 అక్టోబరు 15న ప్రసారం మొదలుపెట్టింది. లైసెన్సు రాకముందు దాదాపు పదేళ్ళపాటు వారు టేపుల మీద కార్యక్రమాలు రికార్డు చేసి సంఘాల్లో వినిపించారు. వారిది ఫోను మాట కాదు గానీ, రికార్డింగు యంత్రానికి పెద్ద చదువు అక్కర్లేదని, ఓపిక కావాలని వారు నిరూపించారు.

యంత్రం పెట్టే పేచీలు

ఓపిక ఎందుకంటే, ఫోనుకూ కంప్యూటరుకూ పుట్టుకతోనే పొసగదు. ల్యాండు ఫోను తీగలో, రిసీవరు పెట్టి ఉన్నప్పుడు, సుమారు 48 వోల్టుల విద్యుత్తు ఉంటుంది. గంట మోగేటప్పుడు అది ఇంకా పెరుగుతుంది. కంప్యూటరులో మైకు గుచ్చే రంధ్రానికి కావలసింది వోల్టులో వెయ్యో వంతుల లెక్క. తీగను నేరుగా తెచ్చి తగిలిస్తే కంప్యూటరు కాలిపోవచ్చు. నడుమ చిన్న ట్రాన్స్‌ఫార్మరున్న పరికరం పెట్టి తీరాలి. అది రెంటినీ విద్యుత్తు పరంగా వేరు చేసి, ధ్వనిని మాత్రం దాటిస్తుంది.

రిసీవరుకు రబ్బరు బుడిపెతో అతికించే తీగచుట్ట ఒకటి పూర్వం బజారులో దొరికేది. ధర తక్కువ. కానీ పక్కన ట్యూబులైటు చోకు ఉన్నా, కంప్యూటరు ఉన్నా ‘గుయ్’ మనే రొద దానికి మాట కంటే ముందు వినబడేది.

సెల్‌ఫోను వచ్చాక బాధలు తీరలేదు, రూపం మార్చుకున్నాయి. మొదటిది, గొంతుల ఎగుడుదిగుడు. అడిగే మనిషి గొంతు పక్కనే ఉంటుంది గనుక ఉరుములా రికార్డవుతుంది. అవతలి మనిషి గొంతు బావిలోంచి వచ్చినట్టు ఉంటుంది. అసలు కావలసింది అవతలి మాటే. రెండు గొంతులనూ వేర్వేరు పాయలుగా రికార్డు చేసుకుంటే తర్వాత ఒకదాన్ని పెంచి, మరొకదాన్ని తగ్గించవచ్చు. ఒకే పాయగా కలిసిపోతే పాలలో కలిసిన నీళ్ళే, విడదీయడం గగనం.

రెండోది, గుచ్చే పిన్ను. సెల్‌ఫోను హెడ్‌సెట్టు పిన్నుకు మూడు నల్ల గీతలు ఉంటాయి. అంటే చెవులకు రెండు, మైకుకు ఒకటి, ఉమ్మడిది ఒకటి, మొత్తం నాలుగు భాగాలు. కొన్ని కంప్యూటర్లకు మైకు రంధ్రం వేరు, స్పీకరు రంధ్రం వేరు. పిన్ను దూరుతుంది గానీ మాట దూరదు. దీనికి రెండుగా చీలే చిన్న తీగ దొరుకుతుంది. యూఎస్‌బీకి తగిలించే చిన్న సౌండు కార్డు అయితే ఇంకా నయం.

మూడోది, రొద. ల్యాప్‌టాపు చార్జరు మీద ఉన్నప్పుడు ‘జుయ్’ మని రొద వస్తే, చార్జరు తీసి చూడాలి. చాలాసార్లు రొద పోతుంది. ఇంటి కరెంటుకు ఎర్తు సరిగా లేకపోవడం దీనికి ఒక కారణం. అందుకే ముందుగా బ్యాటరీ నిండా చార్జి చేసుకోవడం రెండు విధాల లాభం. కరెంటు పోయినా మాట ఆగదు.

నాలుగోది, కంప్యూటరు స్వభావం. మైకు అనుకుని మరో మార్గాన్ని ఎంచుకుంటుంది. గంటసేపు మాట్లాడాక చూస్తే ఫైలు ఉంటుంది, అందులో నిశ్శబ్దం ఉంటుంది. నడుమ నిద్రపోతుంది. తనను తాను సవరించుకుంటానని మధ్యలో ఆగి మళ్ళీ మొదలవుతుంది. సెకనుకు 48,000 నమూనాల చొప్పున పట్టిన ధ్వనిని 44,100 అనుకుని వినిపిస్తే గొంతు లావై, మాట నత్తనడక నడుస్తుంది. మనిషికి జబ్బు చేసిందేమో అనిపిస్తుంది.

అయిదోది, ఫోను కంపెనీల నిబంధన. ఆండ్రాయిడు ఫోన్లలో రికార్డింగుకు ఎందరో వాడుకున్న ఒక అడ్డదారిని గూగుల్ 2022 మే 11 నుంచి తన ప్లే స్టోరులోని యాప్‌లకు మూసివేసింది. నిన్నటిదాకా పనిచేసినది ఒక ఉదయం మొరాయించింది. ఫోనుతోపాటే వచ్చే రికార్డు మీట కొన్నింటిలో ఉంది. దాన్ని నొక్కగానే ‘ఈ కాలు రికార్డవుతోంది’ అని రెండు వైపులా వినిపించే ఫోన్లూ ఉన్నాయి. అది మంచిదే.

అక్షరాలు ఎక్కడ రాలుతాయి?

యంత్రాలన్నీ సరిగా ఉన్నా, ఫోను మాటకు ఒక సహజమైన లోపం ఉంది. మనిషి చెవి 20 నుంచి 20,000 హెర్ట్జుల దాకా ధ్వనిని వింటుంది. పాత ఫోను పద్ధతి అందులో 300 నుంచి 3,400 దాకా మాత్రమే మోస్తుంది. మాట అర్థం కావడానికి అది చాలునని పూర్వం ఇంజనీర్లు తేల్చారు. ‘స’, ‘శ’, ‘ష’ వంటి అక్షరాల బలం ఆపైన ఉంటుంది. అందుకే ఫోనులో పేరు చెప్పేటప్పుడు ఒక్కో అక్షరం విడదీసి చెప్పవలసి వస్తుంది. 4జీ మీద నడిచే కొత్త పద్ధతి 7,000 దాకా మోయగలదు. కానీ రెండు ఫోన్లూ, నడుమ ఉన్న నెట్‌వర్కూ అందుకు తగినవై ఉండాలి. ఒకటి వెనుకబడినా మాట మళ్ళీ ఇరుకు సందులోకే వస్తుంది.

దీనికి తోడు, మాట్లాడనప్పుడు ధ్వనిని పంపకుండా ఆపే ఏర్పాటు ఫోన్లలో ఉంది. మనిషి నోరు తెరవగానే అది మేలుకోవాలి. ఒక్కొక్కసారి క్షణం ఆలస్యంగా మేలుకుంటుంది. అప్పుడు రాలిపోయేది మాటలోని మొదటి అక్షరమే. స్పీకరు పెట్టి మాట్లాడినప్పుడు ఇద్దరూ ఒకేసారి మాట్లాడితే ఒకరి మాటను ఫోనే నొక్కేస్తుంది. ‘అరెకరం’ ఎకరమయ్యే చోటు ఇదే.

సత్యవేడు వైపు మరో చిక్కు. ఇది తమిళనాడు పొలిమేర. ఇక్కడి తెలుగులో తమిళ మాటలు పాలూ తేనెలా కలిసి ఉంటాయి. ‘మాట్లాడతా ఉండాను’ అనే యాసను పుస్తకాల తెలుగు మాత్రమే నేర్చిన యంత్రం తడబడకుండా రాయలేదు. మాటను అక్షరాలుగా మార్చే యంత్రాలకు భారతీయ భాషలు నేర్పడానికి కేంద్రం 2022లో ‘భాషిణి’ని ప్రారంభించింది. మద్రాసు ఐఐటీలోనూ, హైదరాబాదు ట్రిపుల్ ఐటీలోనూ ఈ దిశగా పని జరుగుతోంది. ఇవి ఎంత ఎదిగినా, పొలిమేర ఊళ్ళ మాటలు వాటి చెవిన పడకపోతే అవి నేర్చుకోలేవు. అప్పటిదాకా యంత్రం రాసినదాన్ని ఈ ప్రాంతపు మనిషి ఒకసారి విని సరిచూడక తప్పదు.

ఖర్చు తక్కువ, జాగ్రత్త ఎక్కువ

ఈ పేచీలన్నిటికీ విరుగుడు ఖరీదైన యంత్రం కాదు. పొలానికి నీరు పెట్టేముందు కాలువ చూసుకున్నట్టు, ఫోను చేసేముందు దారి సరిచూసుకోవడం.

మొదట ఇంట్లోనే మరొకరికి ఫోను చేసి రెండు నిమిషాలు రికార్డు చేయాలి. చేయడంతో సరిపోదు, విని చూడాలి. రెండు గొంతులూ వినబడితేనే ముందుకు పోవాలి. ధ్వని మట్టం చూపే గీత చివరిదాకా కొట్టుకోకూడదు. ముప్పాతిక దగ్గర ఆడితే చాలు. మరీ పెంచితే చిట్లిన గొంతును తర్వాత ఎవరూ అతకలేరు. చిన్న గొంతునైతే కొంత పెంచుకోవచ్చు.

రెండో యంత్రం తప్పనిసరి. కంప్యూటరు రికార్డు చేస్తున్నా, పక్కన మరో సెల్‌ఫోనును రికార్డులో పెట్టి ఉంచాలి. ఒకటి మొరాయిస్తే రెండోది ఆదుకుంటుంది. ఏ పరికరమూ లేనివారు ఫోనును స్పీకరులో పెట్టి, చేయి దూరంలో రెండో ఫోనుతో రికార్డు చేసినా పని జరుగుతుంది. ఫ్యాను ఆపాలి. ఫోను కింద మడిచిన తువ్వాలు వేస్తే బల్ల అదురు రాదు. కంప్యూటరులో ‘ఆడాసిటీ’ వంటి ప్రోగ్రాములు ఉచితంగానే దొరుకుతాయి.

చోటు గురించి బెంగ అక్కర్లేదు. ఫోను నాణ్యతలో, అంటే సెకనుకు 8,000 నమూనాల చొప్పున గంట మాట సుమారు 58 మెగాబైట్లు. పాటల నాణ్యతలో రెండు పాయలుగా పట్టినా గంటకు సుమారు 635. చిన్న పెన్‌డ్రైవులోనే చాలా గంటలు పడతాయి.

అంకెలను మాత్రం యంత్రానికి వదలకూడదు. జవాబు రాగానే తిరిగి చెప్పాలి. ‘అరెకరం, అంటే యాభై సెంట్లు, అంతే కదా?’ అని అడిగితే అవతలి మనిషి ఔననో కాదనో అంటాడు. ఆ ఔను కూడా రికార్డులో ఉంటుంది. ‘అరవై, అంటే ఆరు పదులు’ అన్నా సరే. సంతలో బేరం కుదిరాక లెక్క రెండుసార్లు చెప్పుకునే పెద్దల అలవాటే ఇది.

ముందు అనుమతి, తర్వాత ప్రశ్న

‘అవ్వా, నమస్కారం. ఫలానా సంస్థ నుంచి మాట్లాడతా ఉండాను. మీ మాట రికార్డు చేసుకోవచ్చునా?’ అని అడగడం మర్యాద. ‘చేసుకో నాయనా, ముందర ఎందుకో చెప్పు’ అనడం అవ్వ హక్కు. ఎవరు, ఎందుకు, ఎంతసేపు, రికార్డు ఎవరు వింటారు, ఎన్నాళ్ళు ఉంచుతారు అని అడగవచ్చు. వద్దనవచ్చు. నడుమ ఆపేయవచ్చు. ఏ నిజమైన సర్వేకూ బ్యాంకు రహస్య నంబరు, ఓటీపీ అవసరం లేదు. అవి అడిగితే ఫోను పెట్టేయాలి. మోసపోయినట్టు తెలిస్తే వెంటనే 1930కి ఫోను చేయాలి. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం కూడా, సమాచారం తీసుకునేవారు సాధారణంగా అనుమతి పొందాలన్న సూత్రం మీదే నిలిచింది.

కోర్టులు ఈ విషయంలో నడిచిన దారి తెలుసుకోదగినది. బొంబాయిలో ఒక కరోనరుపై వచ్చిన లంచం కేసులో పోలీసులు ఫోనుకు టేపురికార్డరు తగిలించి పట్టిన సంభాషణను 1972లో సుప్రీంకోర్టు సాక్ష్యంగా ఒప్పుకుంది. సంభాషణ కేసుకు సంబంధించినదై ఉండాలి, గొంతు ఎవరిదో తేలాలి, రికార్డును చెరపలేదని, మార్చలేదని రుజువు కావాలి అని నియమం పెట్టింది. ఫోను సంభాషణ మనిషి ఏకాంతంలో భాగమని 1996లో అదే కోర్టు చెప్పింది.

మన రాష్ట్ర హైకోర్టు ముందుకు ఇటువంటిదే ఒక విడాకుల కేసు వచ్చింది. భార్య ఫోను మాటలను ఆమెకు తెలియకుండా రికార్డు చేసి, కంప్యూటరు హార్డు డిస్కును భర్త కోర్టుకు తెచ్చాడు. 2008 నాటి లా రిపోర్టుల్లో ప్రచురితమైన ఆ తీర్పులో హైకోర్టు, అది ఆమె ఏకాంతానికి భంగమని చెప్పి ఆ రికార్డును స్వీకరించలేదు. అయితే 2025 జూలైలో సుప్రీంకోర్టు మరో కేసులో, భార్యాభర్తల వ్యాజ్యంలో రహస్యంగా చేసిన రికార్డును కూడా సాక్ష్యంగా పరిశీలించవచ్చని తీర్పు చెప్పింది. కోర్టు పరిశీలించడం వేరు, చాటుగా రికార్డు చేయడం మర్యాద కావడం వేరు. అనుమతి అడిగిన రికార్డుకు ఈ గొడవే లేదు.

2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త సాక్ష్య చట్టం 63వ సెక్షను ప్రకారం కంప్యూటరు రికార్డును కోర్టుకు ఇచ్చేటప్పుడు ధ్రువపత్రం జోడించాలి. అందుచేత ముఖ్యమైన రికార్డు మూల ఫైలును కత్తిరించకుండా, పేరైనా మార్చకుండా అలాగే ఉంచాలి. వినడానికి, బాగుచేయడానికి నకలు తీసుకోవాలి.

ఎవరి మాట ముందు పట్టాలి?

శ్రీసిటీ రాకముందు ఈ నేల ఎలా ఉండేదో కళ్ళారా చూసినవారు వయసు మీరుతున్నారు. ఏ చెరువు కింద ఏ పంట పండేది, ఏ దారిన బండ్లు తడకు పోయేవి, పులికాట్ వైపు నుంచి చేపలు ఎవరు తెచ్చేవారు, భూమి ఇచ్చిన రోజున ఇంట్లో ఏమనుకున్నారు, మొదటి నెల జీతం తెచ్చిన కూతురు ఏం కొన్నది? ఇవేవీ కంపెనీల కాగితాల్లో ఉండవు. ఆ అవ్వల, తాతల జ్ఞాపకంలోనే ఉన్నాయి. వారి బిడ్డలు చెన్నైలోనో, బెంగుళూరులోనో, కువైటులోనో ఉన్నారు. వారానికోసారి ఫోను చేస్తారు. ‘తిన్నావా, మందులు వేసుకున్నావా’ అని అడిగి పెట్టేస్తారు.

ఆ ఫోను ఇంకో పది నిమిషాలు పొడిగిస్తే చాలు. అనుమతి అడిగి, ఒక్క ప్రశ్న వేయాలి. ముసలివారు ఆలోచించుకునే నిశ్శబ్దంలో మాట అందించకూడదు. అసలు సంగతి ఆ నిశ్శబ్దం తర్వాతే వస్తుంది. ఊఁ కొట్టడం కూడా తగ్గించాలి. ఫోనులో మన ‘ఊఁ’ వారి మాటను కప్పేస్తుంది.

రికార్డు అయ్యాక దానికి పేరు పెట్టాలి. ఎవరి మాట, ఏ ఊరు, ఏ తేదీ అన్నవి ఫైలు పేరులోనే ఉండాలి. ‘న్యూ ఫైలు 7’ అని ఉన్నదాన్ని పదేళ్ళ తర్వాత ఎవరూ తెరవరు. మూడు నకళ్ళు తీసి, ఒకటి కంప్యూటరులో, ఒకటి పెన్‌డ్రైవులో, ఒకటి వేరే ఊళ్ళో ఉన్న బంధువు దగ్గర ఉంచాలి. ఫోనులో మాత్రమే ఉన్న రికార్డు, ఫోను నీళ్ళలో పడిన రోజున పోతుంది. ఏడాదికోసారి తెరిచి వినాలి. రికార్డు చెడిందేమో తెలియడానికి అది ఒక దారి. ఆ గొంతు పిల్లల చెవిన పడటానికి అదే దారి.

ట్రిపుల్ ఐటీలో, క్రియాలో చదివే విద్యార్థులకు యంత్రాల మర్మం తెలుసు. చుట్టుపక్కల ఊళ్ళ పెద్దలకు నేల మర్మం తెలుసు. రెంటికీ నడుమ దూరం కొద్ది కిలోమీటర్లే. పల్లెల బడిపిల్లలకు రికార్డింగు నేర్పడానికి ఒక ఆదివారం, ఒక పాత ల్యాప్‌టాపు, రెండు సెల్‌ఫోన్లు సరిపోతాయి. ఈ పనికి ఏ శాఖ మంజూరూ అక్కర్లేదు.

యంత్రం మొరాయిస్తే బాగుచేసుకోవచ్చు, లేదా మరొకటి కొనుక్కోవచ్చు. ఎనభై ఏళ్ళ మనిషి చెప్పిన మాట పోతే అడగడానికి మరోసారి ఆ మనిషి ఉండకపోవచ్చు. అందుకే ఫోను చేసేముందు రెండు నిమిషాల పరీక్ష, పక్కన రెండో యంత్రం, నోటితో ఒక్క అనుమతి. ఈ మూడింటికీ ఖర్చు లేదు.